పొద్దుగూకగానే నిద్రొచ్చే ఇల్లు

నేను బస్సు కండక్టరుగా బతికి రిటైరైనవాణ్ణి. మా వీధిలో లారీలు, టాక్సీలు తోలే కుర్రవాళ్ళు అప్పుడప్పుడూ నా దగ్గర చేరి, "నీ సర్వీసులో ఏ రోడ్డుకు భయపడినావు తాతా?" అని అడుగుతుంటారు. ఘాటు రోడ్డని చెబుతాననుకుంటారు. నన్ను భయపెట్టింది ఒక వేళ. పొద్దు కొండల వెనక్కి దిగి, ఊళ్ళలో దీపాలు ఇంకా వెలగని ఆ కాసేపు. అది అందరికీ చెడ్డ వేళ కాదు. నాతో పనిచేసిన ఇద్దరు అన్నదమ్ములకు అయింది. స్టీరింగ్ ముందు కూర్చునేవాళ్ళు మీరు గనక వాళ్ళ సంగతి మీకు చెబుతాను.

డెబ్బైల మొదట్లో తిరుపతిలో ఒక ప్రైవేటు బస్సుల యజమాని దగ్గర పనికి చేరాను. మేమంతా ఆయన్ని ముదలాళి అనేవాళ్ళం. మా బండి తెల్లవారి కార్వేటినగరంలో బయల్దేరి తిరుపతి చేరేది. అక్కణ్ణించి సత్యవేడు పోయి తిరిగొచ్చి, సాయంత్రం మళ్ళీ పుత్తూరు మీదుగా కార్వేటినగరం వెళ్ళి, రాత్రికి అక్కడే నిలిచేది. ఆ బండికి డ్రైవరు చంద్రగిరి మనిషి. షెడ్డులో అందరూ ఆయన్ని పెద్ద భాయి అని పిలిచేవాళ్ళు. ఎందుకంటే అదే షెడ్డులో ఆయన తమ్ముడు కూడా డ్రైవరే. ఆయన చిన్న భాయి.

పెద్ద భాయికి గోరింటాకు పెట్టిన గడ్డం, పెద్ద చేతులు. రోడ్డు మీద గొర్రెల మంద అడ్డమొస్తే హారను కొట్టేవాడు కాదు. ఇంజను ఆపి, అవి పోయిందాకా చూసేవాడు. మా బండిలో రోజూ ఎవరో ఒకరు చెయ్యో కాలో విరగ్గొట్టుకుని పుత్తూరు కట్టు కోసం ఎక్కేవాళ్ళు. అలాంటివాళ్ళు ఉంటే ఆయన గుంతల్ని ఎలా తప్పించేవాడంటే, వెనక సీట్లో పిల్లలు కూడా నిద్ర లేచేవాళ్ళు కాదు. ఐదు పూటలా నమాజు చేసే మనిషి. బీడీ కూడా తాగడు. తెల్లవారకముందే లేచి, మేము లేచేసరికి బండి కడిగి తుడిచి పెట్టి ఉండేవాడు. చంద్రగిరిలో రంజాను నెలంతా వీధివీధీ తిరిగి, ఉపవాసం పట్టే ముందు తినే సహరీకి జనాన్ని లేపే పని వాళ్ళ ఇంటివాళ్ళదే. "మేము లేస్తాం గాబట్టి మాకిచ్చినారు" అని నవ్వేవాడు.

ఆయనకు యాభై దగ్గర పడేసరికి ఒక మార్పు మొదలైంది. పుత్తూరు దాటి బండి పడమటికి తిరిగాక, పొద్దు దిగిపోతుండగా, ఆయన మెడ చుట్టూ తడి తువ్వాలు చుట్టుకునేవాడు. తరవాత నన్ను ముందుకు పిలవడం మొదలుపెట్టాడు.

"టికెట్లు అయిపోయినాయా? రాప్పా, ఈడ కూసో. ఏమన్నా మాట్లాడు."

ఇంజను మూత మీద కూర్చుని నేను నోటికొచ్చిందల్లా మాట్లాడేవాణ్ణి. మా ఊరి పొలం తగాదాలు, చూసిన సినిమా కథలు, మా మామ గొణుగుళ్ళు. ఆయన 'ఊ' కొట్టేవాడు. 'ఊ' ఆగిపోతే నేను గొంతు పెంచేవాణ్ణి. మొదట్లో నాకది సరదాగానే ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం సత్యవేడులో బండి నిలిచినప్పుడు, వేపచెట్టు కింద అన్నం తింటూ ఆయనే చెప్పాడు.

"ఇది రోగం కాదప్పా. మా ఇంటిది. మా నాయన జట్కా తోల్తా ఉండె. యాభై దాటినాక పొద్దు గూకితే సాలు, కళ్ళాలు పట్టుకోనే నిద్రపోతాండె. గుర్రానికి దావ తెలుసు గాబట్టి ఇల్లు సేరుస్తాండె. మా మేనత్తకీ ఇంతే. మగ్రిబు నమాజు సేసుకోని ఆడనే ఒరిగిపోతాండె. రాత్రి సేసే ఇషా నమాజు పోతాదని ఎంత ఏడ్సిందో. రంజానులో రాత్రి నమాజుకి మా నాయన మసీదులో నిలబడి నిలబడే తూలిపడినాడు. అందరూ నవ్వినారు."

"మీ చిన్నాయన ఒకాయన ఉండె గదా, ఆయనకి?"

"ఆయప్పకి రాలేదు. సచ్చేదాకా అందరి మాదిరే పండుకున్నాడు, లేసినాడు. కొందరికి వస్తాది, కొందరికి రాదు. వయసులో మాకు తెలీదు. కొంచిం ముందుగా పండుకుంటాం, అంతే. వయసు దిగేటప్పుడు పట్టుకుంటాది."

"డాక్టరుకు చూపించుకోరాదా?"

"ఏమని సూపిచ్చేది? నిద్ర బాగా పడతాదని సెప్పేదా?"

చాలా ఏళ్ళ తర్వాత తిరుపతిలో ఒక యువ డాక్టరుకు ఈ సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. మనిషి లోపల ఒక గడియారం ఉంటుందనీ, వయసు మీదపడే కొద్దీ అందరికీ అది కాస్త ముందుకు జరుగుతుందనీ, అందుకే ముసలివాళ్ళు త్వరగా పడుకుని త్వరగా లేస్తారనీ చెప్పాడు. కొన్ని ఇళ్ళలో అది పుట్టుకతోనే ముందుకు తిరిగి ఉంటుందేమో, వయసు దాన్ని ఇంకా తోస్తుందేమో అన్నాడు. "ఇది నా ఊహే. పుస్తకాల్లో ఇంకా చూడలేదు" అని కూడా అన్నాడు. ఇప్పుడు దానికి పేరు పెట్టారట, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఎలా దిగుతుందో కూడా కనిపెట్టారట. మంచిదే. మా కాలానికి అందలేదు.

ఒక సాయంత్రం, పుత్తూరు దాటిన తర్వాత, బండిలో ఒక పెళ్ళివారి గుంపు ఉంది. నేను వెనక వాళ్ళ సామాన్ల గొడవ తీర్చి ముందుకు వస్తున్నాను. ఎదురుగా చెరుకు బండి కనిపించింది. ఎద్దులు మా బస్సు దీపాలకు తగిలేంత దగ్గర. మా బస్సు పక్కకు విసురుగా వెళ్ళి, మళ్ళీ రోడ్డెక్కి, కొంచెం దూరం పోయి ఆగింది. పెద్ద భాయి ఇంజను ఆపాడు. తాళం చెవి తీసి నా చేతిలో పెట్టాడు. 

"నేను తోల్లేనప్పా. ఎద్దుల్ని నేను సూడలేదు. కండ్లు తెరిసేసరికి ముందర ఉండాయి."

పెళ్ళివారు మీద పడ్డారు. ముహూర్తం ఉందని బతిమాలారు, తర్వాత తిట్టారు. వాళ్ళలో ఒక పెద్దమనిషి ఆయన చొక్కా పట్టుకుని, "తాగినోడికి బస్సిచ్చినారే" అని అరిచాడు. పెద్ద భాయి రోడ్డు పక్క రాతి మీద కూర్చుని ఉన్నాడే తప్ప మళ్ళీ సీటెక్కలేదు. ఆయన మొండితనం అప్పుడు నాకూ విసుగు తెప్పించింది. ఒక లారీ దొరికి జనం వెళ్ళేసరికి బాగా పొద్దుపోయింది. ఆ బండిలో ఒక్కరికీ గీత కూడా పడలేదు. ఆ సంగతి ఎవరూ గుర్తు పెట్టుకోలేదు.

ఆ పెద్దమనిషి ముదలాళికి స్నేహితుడు. మర్నాడు పొద్దున్నే తనకు తెలిసిన డాక్టరు దగ్గరికి ముదలాళి పెద్ద భాయిని పంపించాడు. ఆ పూట ఆయన మాలో అందరికంటే చురుగ్గా ఉన్నాడు. ఎద్దులా ఉన్నాడు, ఏ జబ్బూ లేదన్నాడు డాక్టరు. తర్వాత ఆఫీసు గదిలోకి పిలిచారు. నన్నూ పిలిచారు.

"ఏం సాయిబూ, నడిదావలో బస్సు నిలిపేసినావంటనే?"

"నిలిపినాను సామీ. నిలపకుంటే జనం పోతాండిరి."

"తాగినావా?"

"లేదు సామీ. పొద్దు గూకితే నాకు కండ్లు నిలవవు. మా నాయనకీ అంతే, మేనత్తకీ అంతే. మా ఇంట్లోనే ఉండాది. నాకు పొద్దున ట్రిప్పులు ఇయ్యండి. ఎంత తెల్లారి లెమ్మన్నా లేస్తా. సాయంత్రం మాత్రం వద్దు."

"డాక్టరు ఏమీ లేదన్నాడే?"

"పొద్దున సూస్తే ఏముంటాది సామీ? పొద్దు గూకినాక సూడమనండి."

ముదలాళి చెడ్డవాడు కాదు. కానీ లెక్క త్వరగా కట్టే మనిషి. కాసేపు బల్ల మీద వేళ్ళు ఆడించి అన్నాడు:

"ఇది మీ ఇంటి జబ్బయితే నీ తమ్ముడికీ వస్తాది గదా? వాణ్ణి నమ్మి నేను బస్సు ఎట్లిచ్చేది? జబ్బుండే ఇంటోళ్ళు ఇద్దర్నీ పెట్టుకోని నేనేం జేసేది?"

షెడ్డులో ఉన్న చిన్న భాయిని పిలిపించాడు. అతనికి అప్పుడు ముప్పై ఏడో ఎనిమిదో. చేతులకు గ్రీజుతో అలాగే వచ్చి నిలబడ్డాడు.

"ఏమిరా, మీ ఇంట్లో ఈ నిద్ర జబ్బు ఉండాదా?"

చిన్న భాయి అన్న మొహం చూడలేదు. గ్రీజు చేతుల్ని చూసుకున్నాడు.

"అట్లాంటిదేం లేదు సామీ. నాకు తెలీదు."

 పెద్ద భాయి తమ్ముడి వైపు చూశాడు. కోపంగా కాదు. పిల్లవాడు పరిగెడుతూ పడిపోతే తండ్రి చూస్తాడే, అలాగ. తర్వాత ముదలాళి వైపు తిరిగాడు.

"వాడు సెప్పిందే నిజం సామీ. జబ్బూ లేదు, ఏమీ లేదు. నేను తాగినాను."

నేను ఉండబట్టలేక అడ్డొచ్చాను. "ముదలాళీ, నేను ఆయన పక్కనే ఉండినాను. ఆయన నోట్లో సుక్క పడింది లేదు."

"వాడే ఒప్పుకుంటాంటే మధ్యలో నువ్వెవడివి?" అన్నాడు ముదలాళి. ఆయనకు పని సులువైపోయింది. ఒక్క డ్రైవరును తీసేస్తే చాలు.

బస్టాండు దాకా ఆయనతో నడిచాను. "ఎందుకు చెప్పినావు భాయ్?" అంటే, "వానికి పిల్లోళ్ళు సిన్నోళ్ళు" అన్నాడు.

"రేపు ఆయనకీ వస్తే?"

"మా సిన్నాయనకి రాలేదు గదా. వీనికీ రాదేమో. అల్లా అంత కఠినంగా ఉంటాడా?"

ఆ రోజు నుంచీ చంద్రగిరిలో ఆయన తాగుబోతు. మా ఉద్యోగాల్లో ఒక మాట ఎంత వేగంగా పోతుందంటే, మేము తోలే బస్సులు దాన్ని అందుకోలేవు. ఆ ఏడు రంజానులో సహరీకి లేపే పని మసీదువాళ్ళు ఇంకొకరికి ఇచ్చారు. ఆయన ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే పని మొదలుపెట్టి, పగలు ఊళ్ళు తిరిగి, పొద్దు గూకేసరికి ఇల్లు చేరేవాడు. సాయంత్రం తర్వాత ఎవరైనా ఆయన ఇంటికి పోతే గాఢనిద్రలో ఉండేవాడు. లేపినా లేచేవాడు కాదు. దాంతో, తాగడేమో అన్న కొద్దిపాటి అనుమానం కూడా చూసినవాళ్ళకు పోయింది. చిన్న భాయి అన్న ఇంటికి పండక్కి బట్టలు పంపేవాడు గానీ తను వెళ్ళేవాడు కాదు. ఒకరి ఎదుట ఒకరు నిలబడలేక అన్నదమ్ములిద్దరూ ఒకే ఊళ్ళో వేరువేరు వీధుల్లో నడిచారు.

ఏళ్ళు గడిచాయి. ఎనభైల నడుమకొచ్చేసరికి చిన్న భాయి షెడ్డులో అందరికంటే సీనియరు డ్రైవరు. మా కార్వేటినగరం బండి ఆయన చేతికే వచ్చింది. ఒక సాయంత్రం పుత్తూరు దాటాక, ఆయన జేబులోంచి పచ్చిమిరపకాయ తీసి కొరకడం చూశాను. మర్నాడూ అంతే. కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా కొరుకుతూనే ఉన్నాడు. 

"చిన్న భాయ్, నీకూ వచ్చినట్టుండాదే."

"నోరు మూసుకోప్పా. ఎండకి అలిసినాను, అంతే."

కొన్ని రోజుల తర్వాత సత్యవేడులో అదే వేపచెట్టు కింద తనే ఒప్పుకున్నాడు. ముదలాళికి చెప్పమని బతిమాలాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఏమని సెప్పేది? ఆ రోజు లేదని సెప్పిన నోరు గదా ఇది. ఇప్పుడు ఉండాదని సెబితే, ఆ రోజు మా అన్న పరువు ఎందుకు తీసినావురా అని నన్ను నేను అడుక్కోవల్ల. నా పెద్దకొడుక్కి లైసెన్సు వస్తాంది. వాడికి బస్సు ఇప్పిచ్చి నేను దిగిపోతా. అంతవరకూ నెట్టుకొస్తా."

"వాడు మాత్రం మీ ఇంటి పిల్లోడు కాదా?"

ఆయన చెయ్యి కడుక్కుని బండెక్కాడు.

నేను వేరే సాకులు చెప్పి, సాయంత్రం ట్రిప్పు పడుచు డ్రైవరుకు ఇవ్వమని మేనేజరును అడిగాను. ఆ రోడ్డు సీనియరుకు తప్ప ఇవ్వనన్నాడు. ఇక మిగిలింది ఇంజను మూత మీద కూర్చుని మాట్లాడటమే. అన్నకు చెప్పిన సోదే తమ్ముడికీ చెప్పాను. మాటలతో ఒక మనిషిని మేలుకొల్పి ఉంచడం కొంతవరకే సాధ్యమని, ఆ కొంత దాటాక వాడు కళ్ళు తెరిచే నిద్రపోతాడని అప్పుడు తెలిసింది.

ఆ రోజు పుత్తూరులో సంత. బండి కిటకిటలాడుతోంది. పోలీసులు నిలిపితే జనం లెక్క చూపాలి గనక నేను వెనక తలుపు దగ్గర ఇరుక్కుని టికెట్లు కొడుతున్నాను. జనం తలల సందుల్లోంచి ముందు చిన్న భాయి భుజాలు కనిపిస్తున్నాయి. ఎదురుగా ఆకాశం ఎర్రగా ఉంది. చిన్న వాగు లాంటి వంక దగ్గర రోడ్డు ఎడమకు తిరుగుతుంది. ఆ రోడ్డు నా ఒంటికి తెలుసు. కాలు వంపుకు సిద్ధమైంది, కానీ బండి తిరగలేదు. తిన్నగా పోయింది. బ్రేకు వేసిన చప్పుడు లేదు, ఆయన అరిచిందీ లేదు. కల్వర్టు గోడ తగిలి, బండి ముక్కు వంకలోకి దిగింది.

చిన్న భాయి స్టీరింగుకు, సీటుకు నడుమనే పోయాడు. ఆయన వెనక సీట్లో కూర్చున్న బడి అయ్యవారు, సంత నుంచి వస్తున్న అక్కాచెల్లెళ్ళు ఇద్దరు పోయారు. ఆ అక్కాచెల్లెళ్ళకు టికెట్టు ఇచ్చి చిల్లర తర్వాత ఇస్తానన్నాను. నా చెయ్యి విరిగింది. చెరుకు తోటల్లోంచి పరిగెత్తుకొచ్చిన కూలీలు మమ్మల్ని బయటికి లాగారు.

మర్నాడు మధ్యాహ్నం చంద్రగిరిలో మట్టి చేశారు. నేను కట్టు కట్టుకున్న చేత్తోనే వెళ్ళాను. పెద్ద భాయి బాగా ముసలివాడైపోయాడు. తమ్ముడి గోతిలో మట్టి వేసి, దులుపుకోకుండా ఆ చేతులు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆయన పక్కన ఎవరూ నిలబడలేదు.

సాయంత్రం చిన్న భాయి ఇంటి ముందు పందిట్లో చాపలు వేశారు. ముదలాళి కారులో వచ్చాడు. చిన్న భాయి పెద్ద కొడుకు భుజం మీద చెయ్యి వేసి అందరికీ వినిపించేలా అన్నాడు:

"బ్రేకు ఫెయిలయిందబ్బా. మీ నాయన తప్పేం లేదు. పోలీసోళ్ళకీ అదే సెప్పినాం. వచ్చే నెల నుంచీ నాయన బండి నువ్వు తోలు. నీ ఉజ్జోగానికి పూచీ నాది."

కుర్రవాడు దణ్ణం పెట్టాడు. పందిట్లో అందరూ ముదలాళిని మెచ్చుకున్నారు. అప్పటికి పొద్దు గూకింది. మగ్రిబు నమాజు ముగిసింది. గోడకు ఆనుకుని కూర్చున్న పెద్ద భాయి తల ఒకసారి వాలింది. ఆయన కళ్ళు నులుముకున్నాడు. గడ్డం పీక్కున్నాడు. నిలబడబోయి కూర్చున్నాడు. తమ్ముడు పోయిన దుఃఖం కూడా ఆ ఒంటిని ఆపలేకపోయింది. చూస్తుండగానే ఒరిగిపోయి, నోరు తెరుచుకుని, గురక పెట్టాడు.

"ఈ పొద్దు గూడా తాగినాడు సూడు" అన్నాడు ఒకడు.

"తమ్ముడు సచ్చిన దినం గూడా మానుకోలేదే" అన్నాడు ఇంకొకడు.

ముదలాళి మొహం తిప్పుకున్నాడు. కుర్రవాడు సిగ్గుతో చచ్చిపోతూ పెదనాన్న దగ్గరికి పోయి భుజం పట్టి కుదిపాడు. "లెయ్యి బడే అబ్బా, లోపలికి పో. జనం సూస్తాండారు."

"ఆయన్ని లేపొద్దు."

గడప దగ్గర పరదా వెనక నుంచి వచ్చింది ఆ గొంతు. చిన్న భాయి భార్య. మొగుడు పోయిన ఆడది పరాయి మగవాళ్ళ ఎదుటికి రాకూడని రోజులవి. ఆమె పరదా తీసి పందిట్లోకి వచ్చింది. చేతిలో దుప్పటి ఉంది. పెద్ద భాయికి కప్పి, కొడుకు వైపు తిరిగింది.

"మీ పెదనాయన తాగలా. ఏ పొద్దూ తాగలా. పొద్దు గూకితే ఈ ఇంట్లో పెద్దోళ్ళకి నిద్రొస్తాది. మీ నాయనకీ వస్తాండె. ఆయన ఉజ్జోగం పోకుండా ఉండాలని ఈయన తాగినానని ఒప్పుకున్నాడు. మీ నాయన నాకు సెప్పి ఎన్నితూర్లు ఏడ్సినాడో."

ముదలాళి లేచి నిలబడ్డాడు. "అమ్మా, ఏం మాట్లాడతాండావో తెలుస్తాందా? బ్రేకు ఫెయిలయిందని సెప్పినాం మేము."

"బ్రేకు పోలేదు సామీ. ఆయన నిద్రపోయినాడు. ఈ కండక్టరప్ప ఆ బండిలోనే ఉన్నాడు, అడగండి."

అందరూ నా వైపు చూశారు. బండి వంపు దగ్గర తిరగనే లేదనీ, బ్రేకు చప్పుడు వినలేదనీ నేను చెప్పాను.

"నా కొడుక్కి మీ బస్సు వద్దు సామీ" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ముదలాళి కారెక్కాడు. ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. కుర్రవాడు చాలాసేపు అక్కడే నిలబడి, తర్వాత వంగి, పెదనాన్నను రెండు చేతులా ఎత్తుకుని లోపలికి తీసుకుపోయాడు. ఆ ముసలాయన గురక ఆగలేదు.

తర్వాత ఆ ఇంటికి మంచి ఏమీ జరగలేదు. అయ్యవారి బంధువులు, అక్కాచెల్లెళ్ళ వాళ్ళు వచ్చి గుమ్మం ముందు నిలబడి తిట్టి, మట్టి ఎత్తి పోశారు. ఆమె తలుపు వేసుకోలేదు. కుర్రవాడు లైసెన్సు పక్కన పెట్టి పెదనాన్న దగ్గర కళాయి పని నేర్చుకున్నాడు.

పందిట్లో జరిగింది పెద్ద భాయికి చెప్పింది నేనే, మర్నాడు పొద్దున. ఆయన వాకిట్లో కొలిమి రాజేస్తున్నాడు. ఇన్నేళ్ళకు తన మీద మచ్చ పోయింది, సంతోషిస్తాడనుకున్నాను. ఆయన తిత్తి వదిలేసి నా మొహం చూశాడు.

"ఎందుకు సెప్పిందప్పా ఆ పిల్ల? నా పరువు ఎట్లాగూ పోయిందే గదా. ఇప్పుడు వానిది గూడా పోయె."

తర్వాత ఏడ్చాడు. గోతి దగ్గర కూడా ఆయన అంతలా ఏడవలేదు.